గుమ్మం దగ్గర సర్దిన పెట్టె

జూన్ 4
ఎప్పటిలాగే ఇంటి నుంచి

దేశాలు పట్టి తిరిగే మా చెల్లెలికి,

ఇక్కడ మేమంతా కదలకుండా క్షేమం. అక్కడ నువ్వు తిరుగుతూ క్షేమమని తలుస్తాను.

ఫోనే చేద్దామనుకున్నాను. చేస్తే ఏం లాభం? "అక్కా, రైలు కదులుతోంది, సిగ్నల్ పోతుంది" అని రెండో మాటకే పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో పెట్టెయ్యలేవు కదా! తిట్లన్నీ ఆఖరిదాకా చదివి తీరాల్సిందే.

పోయినవారం పత్రికలో నీ పేజీ చూశాం. "ఏ ప్రయాణమూ లేని రోజుల్లో ప్రయాణపు ఉత్సాహం చల్లారకుండా ఉండాలంటే" అని పెద్ద అక్షరాలు, పైన ఒక కొండ బొమ్మ, కింద "సంచారి" అని నీ కలం పేరు. మీ బావ దాన్ని జాగ్రత్తగా కత్తిరించి, తాను పనిచేసుకునే బల్ల ఎదురుగా గోడకి అంటించాడు. బల్లమీద ఆరబెట్టిన కట్టుడు పళ్ళన్నీ ఇప్పుడు నీ వ్యాసాన్ని చూసి ఇకిలిస్తున్నాయి. నాకు మాత్రం ఏడుపొస్తోంది.

ఎందుకంటావా? ఇన్నేళ్ళ తరవాత, ఈ ఏడు నీ దగ్గరికి వద్దామని మీ బావని ఒప్పించాను. ఆయన సంగతి నీకు తెలియనిదేముంది. "నేనూరెళ్తే ఊళ్ళోవాళ్ళ పళ్ళు ఎవరు చూస్తారు?" అని పెళ్ళయిన దగ్గర్నించీ ఒకే పాట. ఆ పాట మాన్పించేసరికి నాకు జుట్టు నెరిసింది. ఆగస్టు రెండోవారం సెలవు అడిగి పెట్టాను. మా ఉద్యోగులకిచ్చే కుటుంబం బస్సు పాసు ఆ నెలాఖరుతో చెల్లిపోతుంది. పెద్ద పెట్టె కూడా కొన్నాం. అమ్మ పోయినప్పుడు చూశాను నీ మొహం, మళ్ళీ చూడలేదు. నువ్వెలా ఉన్నావో, చిక్కావో, లావయ్యావో కూడా తెలియదు. పత్రికలో నీ ఫొటో బదులు కొండ బొమ్మ వేస్తారు.

అంతా కుదిరిందనుకున్న సమయానికి నీ వ్యాసం దిగింది! "యాత్ర కాళ్ళతో కాదు, మనసుతో చెయ్యాలి" అని రాశావు కదా తల్లీ. మీ బావ అది చదివి, కళ్ళజోడు తీసి, "చూశావుటే, నీ చెల్లెలే చెప్పింది, ఇంక బస్సెందుకు?" అన్నాడు. పోనీ ఊరుకున్నాడా? నువ్వు రాసిన చిట్కాలన్నీ వరసబెట్టి ఆచరణలో పెడుతున్నాడు. "నిండిన పెట్టె ఒకటి ఎప్పుడూ గుమ్మం దగ్గరుంచండి, దాని బరువు చేతికి తెలుస్తూ ఉండాలి" అన్నావుట. పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టేశాడు. "మీ ఇంట్లోనే అతిథిలా ఒక రోజు గడపండి" అన్నావుట. ఆదివారం పొద్దున్నే మంచం మీంచి, "రూము కిటికీ లోంచి వ్యూ బావుంది, బ్రేక్‌ఫాస్టు ఎన్నింటికి?" అని అడిగాడు. కిటికీ లోంచి కనిపించేది పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు.

రోజంతా బస్టాండులో ఎంక్వైరీ కౌంటరు అద్దం వెనక కూచుని, "అది మూడో ప్లాట్‌ఫారం, ఇది వెళ్ళిపోయింది" అని లోకానికంతటికీ దారి చెప్తాను. నేనెక్కే బస్సుకే అడ్డం పడ్డావు. కాబట్టి ఆయనకి ఒక్క ముక్క రాయి. "బావా, మనసుతో తరవాత రావచ్చు, ముందు కాళ్ళతో రా" అని రాస్తే చాలు. నీ మాటంటే ఆయనకి వేదం.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ అక్క మేకు

(అమ్మ పెట్టిన పేరే. కొట్టినచోటే ఉంటానని నేను మేకుని, నువ్వేమో చక్రానివి. అమ్మ ఎగతాళి నాకు అప్పుడర్థం కాలేదు.)


జూన్ 9
పొగమంచు పలకరించే ఒకానొక కొండ అంచు నుంచి

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం ఆఫీసువాళ్ళు పంపగా ఇక్కడ అందుకున్నాను. ఎదురుగా లోయ. లోయలో మేఘాలు. మేఘాల కింద ఏదో తెలియని ఊరు. ఇటువంటిచోట కూచుంటే మన దిగుళ్ళన్నీ ఎంత చిన్నవో అర్థమవుతుంది.

అసలు విషయానికొస్తాను. నీ ఉత్తరం చదివి నిర్ఘాంతపోయాను. బావ పెట్టె సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టాడా? అంత దూరం వెళ్ళిందా మీ గొడవ? అక్కా, నువ్వు మంచిదానివే, కాని నీ నోరు మంచిది కాదు. ఉదయం లేవగానే మొగుడి మీద పడితే ఎవరైనా పెట్టె సర్దుతారు. కాస్త సర్దుకుపో. ఆయన ఇల్లు వదిలివెళ్తే ఆ పళ్ళ బల్ల చూసుకుని నువ్వేం చేస్తావు?

ఇక ఆ వ్యాసం సంగతి. అది నేను కోరి రాసింది కాదు. ఈసారి పాఠకులెవరూ ఎక్కడికీ వెళ్ళేలా లేరని, "వెళ్ళకపోయినా మన పేజీ చదివేలా ఏదైనా రాసివ్వమ్మా" అన్నారు ఎడిటరుగారు. ఆయనకి తట్టిన ఆలోచన అది. కాని రాశాక నాకే అనిపించింది, అందులో సత్యం ఉందని. అసలు యాత్ర అంటే ఏమిటక్కా? ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారడమా? కానే కాదు. చూసే చూపు మారడం. నువ్వు మీ వీధినే కొత్తగా చూడు. వీధి చివర మందుల షాపు దగ్గర నిలబడి, "ఈ ఊరికి ఇవాళే వచ్చాను" అనుకో. ఎన్ని వింతలు కనిపిస్తాయో!

ఆగస్టులో మీరు రావడం గురించి: రావద్దని ఎలా అంటాను? నా ప్రాణం కాదూ నువ్వు! కాని ఆగస్టులో నేను ఎక్కడుంటానో నాకే తెలియదు. గాలి ఎటు తీసుకెళ్తే అటు. బావకి విడిగా రాయను, ఈ ఉత్తరంలోంచే చదివి వినిపించు: "బావా, మీరు సరైన దారిలో ఉన్నారు."

మేఘాలు నన్ను పిలుస్తున్నాయి.

నీ చెల్లెలు,
సంచారి


జూన్ 20
పక్కింటి నీళ్ళ ట్యాంకు ఎదురుగా

ఓ సంచారిగారికి,

లోయ, మేఘాలు, ఊరు అన్నీ బావున్నాయమ్మా. నాకు ఒక్కటే అర్థం కాలేదు. కొండ కొసన మేఘాల్లో ఉన్నదానికి నా ఉత్తరం ఆఫీసు తిరిగి అయిదోరోజుకే ఎలా అందిందో, నీ జవాబు ఇంకో అయిదోరోజుకల్లా నా చేతిలో ఎలా పడిందో! పక్కవీధి నుంచి రావలసిన నా స్నేహితురాలి శుభలేఖ ఇంతవరకూ రాలేదు! మీ కొండమీది పోస్ట్‌మ్యాన్‌కి నా నమస్కారాలు చెప్పు.

మీ బావ ఇల్లు వదిలి వెళ్ళిపోవడమా? హవ్వ! ఆయన వీధి వదిలి వెళ్తే నేను పండగ చేసుకుంటాను. పెట్టె సర్దింది వెళ్ళకుండా ఉండటానికే మొర్రో అని రాస్తే, మొగుడితో సర్దుకుపొమ్మని నాకు నీతులా? పెట్టే పెళ్ళామూ రెండూ కదలకపోవడమే ఆయన యాత్ర. ఆ పెట్టె ఎంత బరువుందనుకున్నావు! ఊడుస్తూ జరుపుదామంటే నడుం పట్టేసింది. "ఇంత ఏం సర్దారండీ?" అంటే, "నీ బట్టలు, నా బట్టలు అన్నీ ఉన్నాయి, విప్పకు, విప్పితే ప్రయాణపు మూడ్ పోతుంది" అన్నాడు. రోజూ పొద్దున్నే దాన్ని ఒకసారి ఎత్తి, "అబ్బ, ఎంత హాయిగా ఉందో!" అని దింపుతాడు. అదేం హాయో ఆ భుజానికే తెలియాలి.

"సరైన దారిలో ఉన్నారు" అన్న నీ వాక్యం చదివి వినిపించాను. వినిపించకపోతే నా అబద్ధమంటావని. ఆ పూటే ఒక టోపీ కొనుక్కొచ్చాడు. సాయంత్రం టోపీ పెట్టుకుని వీధిలోకి వెళ్ళి, ముప్పై ఏళ్ళుగా తన జుట్టు కత్తిరిస్తున్న మంగలిని పట్టుకుని, "నమస్కారం, మాది చాలా దూరం. ఇక్కడ చూడదగ్గవి ఏమున్నాయండీ?" అని అడిగాడుట. పాపం ఆయన కత్తెర కింద పెట్టి పరుగున మా ఇంటికొచ్చి, "అమ్మా, సారుని ఒకసారి డాక్టరుకి చూపించండి, నన్ను గుర్తుపట్టట్లేదు" అన్నాడు. సిగ్గుతో చచ్చాను.

నవ్వొస్తోందా? నవ్వు, నవ్వు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చిన్నప్పుడు మావయ్యగారింటికి బస్సులో వెళ్తుంటే డ్రైవరు దారిలో మూడుసార్లు బస్సు ఆపాడు, గుర్తుందా? ఎవరికోసం ఆపాడో, చేతిలో నిమ్మకాయ పట్టుకుని ఎవరు పక్కన కూచున్నారో నేనిక్కడ రాయను. సంచారిగారి పాఠకులు ఎవరైనా చదివితే పరువు పోతుంది.

సూటిగా అడుగుతున్నాను చెల్లాయ్. మేం రావడం నీకిష్టం లేదా? ఉంటే ఉందను, లేకపోతే లేదను. "గాలి ఎటు తీసుకెళ్తే అటు" అని గాలి మీదికి తొయ్యకు. నాకు బాధేసింది.

నీ అక్క,
మేకు

ఇదిగో, మీ బావ కూడా రెండు ముక్కలు రాస్తానని పెన్ను లాక్కుంటున్నాడు:

మరదలా! నీ వ్యాసం నా జీవితాన్ని మార్చేసింది. మొన్న మేడమీద చాప వేసుకుని మూడు గంటలు సముద్రయానం చేశాను. కొంచెం కళ్ళు కూడా తిరిగాయి. మీ అక్కకి ఊహాశక్తి తక్కువ, ఏమీ అనుకోకు. నిన్ను చూస్తే గర్వంగా ఉంటుంది. నీలాగ తిరగగలిగినవాళ్ళు మన రెండు కుటుంబాల్లో ఇంకెవరున్నారు?

(కళ్ళు తిరిగింది సముద్రం వల్ల కాదు, ఎండలో కూచోడం వల్ల. మజ్జిగ పోసి లేపాను. - మేకు)


జూన్ 26
నదీతీరంలోని ఒక పడవల రేవు నుంచి

అక్కా,

కొండ దిగి రేవుకొచ్చాను. పడవలు ఊగుతున్నాయి. వాటితోపాటు నా మనసూ.

చిన్నప్పటి బస్సు సంగతులు ఇప్పుడెందుకక్కా? అందరూ పెరుగుతారు, మారతారు. నువ్వే మారలేదు.

నీకు కోపం ఎందుకో నాకు తెలుసు. నేను తిరుగుతున్నాను, నువ్వు అద్దం వెనక కూచున్నావు. మనిషన్నాక ఆ మాత్రం అసూయ సహజం. నేనేమీ అనుకోను. నీకోసం, బావకోసం ఒక మంచి పని చేశాను. బావ రాసిన సముద్రయానం ముక్క ఎడిటరుగారికి చూపించాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. వచ్చేవారం "ఇంటిలోనే లోకం చుట్టిన పాఠకుడు" అని బావ గురించి అరపేజీ వేస్తున్నాం. టోపీతో ఫొటో ఒకటి పంపించమను. ఇది చూశాక నువ్వు కూడా ఆయన్ని గౌరవంగా చూస్తావు.

పడవ కదులుతోంది.

సంచారి


జూలై 14
ఇల్లు అనబడే పర్యాటక కేంద్రం నుంచి

మహాతల్లీ,

పుండుమీద కారం చల్లడమంటే ఏమిటో ఇన్నాళ్ళూ వినడమే. ఇప్పుడు చూశాను.

అరపేజీ వచ్చింది. టోపీతో ఫొటో వచ్చింది. మందుల షాపాయన దాన్ని కౌంటరు మీద అంటించాడు. ఇప్పుడు వీధి వీధంతా ఎక్కడికీ వెళ్ళకుండా తిరుగుతోంది. టైలరుగారి కుటుంబం పోయిన ఆదివారం తమ వరండాలో పెట్టెలమీద కూచుని రైలు లేటయిందని విసుక్కున్నారు. రిటైరైన లెక్కల మాష్టారు మా ఇంటికొచ్చి, "అమ్మాయ్, నువ్వు ఎంక్వైరీలో పనిచేస్తావు కదా, మా డాబా మీదికి నెక్స్ట్ బస్సు ఎప్పుడు?" అని అడిగాడు. అడిగి, నేను టైము చెప్పేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. ఆఫీసులో అసలు బస్సులు, ఇంటికొస్తే ఉత్తుత్తి బస్సులు! "రద్దయింది" అని తలుపేశాను.

మీ బావ నాకొక కాగితం ఇచ్చాడు. బస చేసిన అతిథి అభిప్రాయమట. "కాఫీ బావుంది. యజమానురాలి ప్రవర్తనలో మెరుగుదల అవసరం." దాన్ని ఉండచుట్టి ఆయన బల్లమీద పెద్ద పళ్ళ సెట్టు నోట్లో కుక్కాను.

అసూయా? నాకు? నీమీద? ఆ మాట చదివి ఒక పూట అన్నం సయించలేదు. నువ్వెన్ని కొండలెక్కితే నాకేమిటే! నీ కొండలూ, పడవలూ నువ్వే ఉంచుకో. నాకు కావలసింది నీ మొహం ఒక్కసారి చూడటం. అద్దం వెనక కూచున్నప్పుడు రోజుకి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి, "అక్కయ్య ఊరికి బస్సు ఎప్పుడండీ", "చెల్లెలి దగ్గరికి వెళ్ళాలి, సీటు దొరుకుతుందా" అని అడుగుతారు. వాళ్ళకి టైము చెప్పి, వాళ్ళు వెళ్ళేవైపు చూస్తూ కూచుంటాను. తరవాతి మనిషి అద్దం మీద కొడితేగాని తెలివి రాదు. దీన్ని అసూయ అంటే అను. అది నీమీద మాత్రం కాదు.

అందుకని ఒక నిర్ణయానికొచ్చాను. మీ బావ వచ్చినా రాకపోయినా నేనొస్తున్నాను. సెలవు ఖాయం, పాసు ఖాయం. పెట్టె ఎలాగూ సర్దే ఉంది, నా బట్టలు అందులోనే ఉన్నాయిగా. నీ వ్యాసం వల్ల కలిగిన ఉపకారం అదొక్కటే.

మేకుని ఊడబెరికావు. ఇంక నీదే బాధ్యత.

అక్క


జూలై 17
ప్రయాణపు హడావిడిలో

అక్కా అక్కా,

దయచేసి తొందరపడకు. ఆగస్టు మొత్తం నేను ఒక దీవిలో ఉంటాను. ఎప్పుడో ఒప్పుకున్న పని. అక్కడికి ఫోను లేదు, ఉత్తరాలూ రావు. వారానికొకసారే పడవ. ఒక్కోసారి అదీ ఉండదు.

నేను లేకపోయినా వచ్చి ఉంటానంటావేమో, ఇంటికి సున్నాలు వేస్తున్నారు. సామానంతా బయటపడేశారు. వాసనకి నీకు తలనొప్పి వస్తుంది. పైగా మా లిఫ్టు మంచిది కాదు. వాచ్‌మన్ కొత్తవాడు, ఎవర్నీ లోపలికి రానివ్వడు. ఈ వీధిలో కుక్కలు కూడా ఎక్కువ.

నువ్వు అంత దూరం వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్తే నా గుండె పగిలిపోతుంది. వచ్చే ఏడు చూద్దాం. నిజంగా చూద్దాం. అసూయ అన్నందుకు తిట్టు, పడతాను. కాని ఇప్పుడు రాకు.

నీ
సంచారి


ఆగస్టు 10
మీ మెట్ల కింద, వాచ్‌మన్ బల్ల మీంచి

దీవిలో ఉన్న మా చెల్లెలికి,

ఈ కాగితం వాచ్‌మన్ చేత పైకి పంపిస్తున్నాను. దీవికి ఉత్తరాలు రావన్నావు కాని, ఈయన నాలుగంతస్తులెక్కి ఇచ్చొస్తానన్నాడు. కొత్తవాడేం కాదు, పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాట్ట. మంచివాడు. కూచోమని బల్ల ఇచ్చి, టీ తెప్పించాడు. నీ గురించి అడిగితే, "పత్రికలో రాసే అమ్మగారా? ఆవిడెక్కడికీ వెళ్ళరండీ. ఆఫీసుకి కూడా నడిచే వెళ్తారు. ఆటో ఎక్కగా నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. వీధిలో ఒకే ఒక కుక్క ఉంది. అది నా కాళ్ళ దగ్గర పడుకుని నిద్రపోతోంది. నీ కిటికీ తెరిచే ఉంది, దండెం మీద తడిబట్టలు ఆరుతున్నాయి. దీవిలో ఎండ బాగానే కాస్తున్నట్టుంది.

బయల్దేరుతుంటే మీ బావ గుమ్మం దాకా వచ్చాడు. టోపీ తీసి, "నువ్వు వెళ్ళిరా, నీ ప్రయాణాన్ని నేనిక్కణ్ణించే అనుభవిస్తాను" అన్నాడు. నేను పెట్టె ఎత్తేసరికి మాత్రం మొహం పాలిపోయింది. "అది తీసుకెళ్తున్నావా? అందులో... ఒకమాట విను..." అని బస్సుదాకా వెంటపడ్డాడు. నేను వింటేనా! ఆయన జన్మలో బస్టాండుకి రావడం అదే మొదలు. టోపీ ఊపుతూ నిలబడ్డాడు.

ఆ పెట్టె ఇందాక ఇక్కడే విప్పాను. తెరవగానే పైన ఒక పళ్ళ సెట్టు నన్ను చూసి నవ్వింది. దాని కింద తువ్వాలు, తువ్వాలు కింద ఇటుకలు. అవునే, ఇటుకలే! బరువు చేతికి తెలియాలని రాశావు కదా. బట్టలన్నీ పెట్టెలో పెట్టేస్తే కట్టుకోవడానికేముంటాయని ఇటుకలు సర్దాడు. మూడు బస్సులు మారి, రెండు ప్లాట్‌ఫారాలు దాటి నేను మోసుకొచ్చింది నీ వ్యాసాన్నే చెల్లాయ్. వాచ్‌మన్ చూసి, "ఇల్లు కడుతున్నారా అమ్మా?" అని అడిగాడు. నవ్వి నవ్వి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. తరవాత నవ్వు ఆగింది, నీళ్ళు ఆగలేదు.

పిచ్చిమొహమా, నాకు తెలియదనుకున్నావా? వీధి చివర దాకా రిక్షా ఎక్కితేనే వాంతి చేసుకునేదానివి, కొండలెక్కుతావా? మావయ్యగారింటి బస్సులో నిమ్మకాయ పట్టుకున్నది నేనే. నీ తల ఒళ్ళో పెట్టుకున్నదీ నేనే. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని మీ బావకి ఏనాడో చెప్పేదాన్ని. చెప్పలేదు. ఆయన నీ పేజీ చదివి అంత సంబరపడుతుంటే, అదీ ఒక ముచ్చటే అనుకున్నాను. నువ్వు ఏ బండీ ఎక్కలేవు. అందుకే నేనే రావాలనుకున్నాను. దానికోసమే ఆయన్ని ఇన్నేళ్ళు సతాయించాను. సరిగ్గా దాన్నే నువ్వు చెడగొట్టావు. నాకు కోపం అందుకు. ఇప్పుడైనా అర్థమైందా?

నీ పాఠకులకి చెప్పను. ఒట్టు. మీ బావకి కూడా చెప్పను, ఆయన సముద్రం ఆయన్ని ఈదుకోనీ.

రెండు రోజులుగా ఈ బట్టల్తోనే ఉన్నాను. నీవి ఒక జత కావాలి. లావయ్యుంటే మంచిదే, నాకు సరిపోతాయి. పైకి నేనే వద్దును, కాని ఆ బస్సుల్లో కూచుని కూచుని మోకాళ్ళు పట్టేశాయి. నేను రావలసినంత దూరం వచ్చాను. మిగిలింది నాలుగంతస్తులు. అది నువ్వు రా. నిమ్మకాయ నా చేతిలోనే ఉంది.

మేకు


(అదే కాగితం వెనక, పెన్సిలుతో)

అక్కా,

లిఫ్టు ఎక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. మెట్లమీద వస్తున్నాను. మొహం కడుక్కోవాలి, కాస్త ఆలస్యమవుతుంది.

వెళ్ళిపోకు.

చక్రం